కుండ తడి, సీసా తడి

పోయిన గురువారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు రంగులు వేసే ఆయన మా ఇంటికి వచ్చాడు. మా వెనక గది గోడకు వానాకాలం నుంచి చెమ్మ ఉంది. ఆయన అరచెయ్యి గోడకు ఆనించి, "ఆరిపోయిందండీ, ఈ రోజే పుట్టీ పెట్టేస్తాను" అన్నాడు. నేను లేచి వెళ్ళి, చేతిని తిప్పి, వేళ్ళ వెనక భాగాన్ని అదే చోట ఆనించాను. చల్లగా తగిలింది.

"ఇంకో వారం ఆగుదామండీ" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇన్నేళ్ళ నుంచి గోడలు చూస్తున్నాను, చెయ్యి తిరగేసి చూసినవాళ్ళని చూళ్ళేదండి. మీకెవరు నేర్పారు?"

నేర్పినాయన పేరు ఇక్కడ రాయను. మస్కట్‌లో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. పేరు పాస్‌పోర్టులో ఉండేది, పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండేది. తెలుగువాళ్ళకు మేస్త్రి. హిందీవాళ్ళకు గీలా మిస్త్రీ, అంటే తడి మేస్త్రి. ఆ మధ్యాహ్నం జగిత్యాలలో ఉన్న పాత రూమ్‌మేట్‌కి ఫోన్ చేసి మేస్త్రి ఎలా ఉన్నాడని అడిగాను.

"పాయె గద సారూ, దసరా ముంగట. నీకు ఎవలు చెప్పలే?"

ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా ఫోన్ చెయ్యని మనిషికి ఎవరు చెప్తారు?

ఎనభైల చివర్లో నేను స్టోర్ కీపర్ పనికి ఒమన్ వెళ్ళాను. మస్కట్ హమ్రియాలో కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఆరు మంచాలు, ఒక కిటికీ ఏసీ. మొదటి రోజు స్నానం చేసి వచ్చి తువ్వాలు మంచం కొమ్ముకు ఆరేశాను. పై మంచం మీదనుంచి ఒక మనిషి దిగాడు. సన్నగా, పొడుగ్గా, గళ్ళ లుంగీలో ఉన్నాడు. నా తువ్వాలు తీసి బయట వరండాలో తీగ మీద వేసి వచ్చాడు.

"ఏ ఊరు సారు?"

"పశ్చిమ గోదావరి అండి."

"అట్లనా. నీళ్లల్ల పుట్టినోనివి, తడి అంటే నీకు భయం లేదు. ఈ రూమ్‌ల తడి బట్ట ఆరేస్తే ఆ తడి ఏడికి పోతది? మన ఆరుగురి ముక్కులల్లకు, పరుపులల్లకు. ఆరింది అనుకుంటవ్ నువ్వు. అది జాగ మార్చింది, గంతే."

ఆ రూమ్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరూ తడి బట్ట లోపల ఆరెయ్యలేదు. పంజాబీ డ్రైవర్ ఒకతను ఒకసారి బనియను తలగడ కింద దాచి ఆరబెట్టుకోబోయాడు. మేస్త్రి గది మధ్యలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, నేరుగా ఆ తలగడ దగ్గరికే వెళ్ళాడు. ఆ డ్రైవర్ రెండు చేతులూ జోడించాడు.

గోడలను ఆయన నాలుకతో చూసేవాడు. దీన్ని మొదట మా గోడౌన్‌లో చూశాను. మూల గోడ మీద తెల్లగా చౌడు పొంగింది. గోటితో గీకి, కొంచెం నాలుక మీద వేసుకున్నాడు.

"ఛీ, ఏంటండీ ఆ పని!"

"ఉప్పగున్నదంటే భూమిల నీళ్లు. సప్పగున్నదంటే పైపు నీళ్లు, లేకుంటే గాలి. నా నాలుకకు మించిన మిషిని మీ స్టోర్‌ల ఉన్నదా? ఉంటే ఇష్యూ జెయ్యి, సంతకం పెడ్త."

ఒకసారి చీమల మందు కొట్టిన గోడను అలాగే రుచి చూశాడు. మూడు రోజులు ఆయనకు అన్నం రుచి తెలియలేదు. అయినా ఆ గోడలో లీకయ్యేది పైపేనని చెప్పాడు. అది నిజమే అయింది.

అరచేతిని మాత్రం నమ్మేవాడు కాడు. "ఇది ముప్పై ఏండ్ల సంది సిమెంటు వట్టింది. దీనికి ఎండ తెల్వది, వాన తెల్వది. ఎనుక దిక్కు ఇంక పనికి అలవాటు గాలే" అనేవాడు.

శుక్రవారాలు మేమిద్దరం వీధి చివర దుకాణానికి వెళ్ళి కూల్‌డ్రింక్ తాగేవాళ్ళం. ఆయన సీసాను బల్ల మీద పెట్టి, తాగకుండా చూస్తూ కూర్చునేవాడు. సీసాకి మసక పట్టి, బొట్లు కట్టి, బొట్లు జారేవి.

"సారూ, ఇవి సీసల నీళ్లేనా?"

"కాదండీ. గాలిలో ఉన్న తేమ చల్లటి సీసాకి పట్టుకుంది."

"మరి మంచినీళ్ల కుండకు తడి ఉంటది గద?"

"అది లోపలి నీళ్ళే, బయటికి ఊరతాయి."

"గంతే. లోకంల గోడలన్నీ గీ రెండు తీర్లే. కుండ తడి, సీస తడి. ఏ తడో తెల్వకుంట మందు పూసేటోడు మేస్త్రి గాదు."

ఇంత చెప్పేసరికి సీసా వేడెక్కేది. మొహం చిట్లించుకుని తాగేవాడు. వచ్చే శుక్రవారం మళ్ళీ అంతే.

నేను డ్యూటీ నుంచి వచ్చాక పుస్తకాలు చదివేవాణ్ణి. ఆయన ఒక్కొక్కటీ తీసుకుని మొదట వాసన చూసేవాడు. "ఈ పుస్తకాల పెట్టె గోడకు దూరం జరుపు, బూజు మొదలైంది" అనేవాడు. తర్వాత, "ఇందుల ఏమున్నదో ఒక్క మాటల జెప్పు" అనేవాడు. నేను ఆలోచించి ఏదో చెప్తే, పుస్తకం మందం వేళ్ళతో కొలిచి, "గా మాటకు గిన్ని కాగితాలా?" అని ఇచ్చేసేవాడు. ఆయన ఎగతాళికి భయపడి కొన్ని పుస్తకాలను రెండోసారి చదివాను.

తొంభైల మొదట్లో అల్ హైల్‌లో, సముద్రానికి దగ్గరగా, మా కంపెనీ ఒక ఇల్లు కట్టింది. ఇంటాయన ఒమనీ పెద్దమనిషి. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. చిన్నప్పుడు బొంబాయిలో చదువుకున్నాడట, మాతో హిందీలో మాట్లాడేవాడు. ఆయనకు ట్రంకుపెట్టెల నిండా పుస్తకాలున్నాయి. అవి పెట్టుకుని చదువుకోవడానికి ఇంటికింద చల్లగా ఒక బేస్‌మెంట్ కావాలన్నాడు. ఆ చుట్టుపక్కల బేస్‌మెంట్లు తక్కువ. కొంచెం తవ్వితే నీళ్ళు పడే నేల. పంపులు పెట్టి నీళ్ళు తోడుతూ గోడలు లేపారు. గోడల బయటి వైపు తారు పూత మేస్త్రి దగ్గరుండి వేయించాడు. తర్వాత మట్టి కప్పేశారు.

లోపల చెయ్యాల్సిన పని దూరదేశపు ఆర్కిటెక్టు గీసి పంపిన డ్రాయింగ్‌లో ఉంది. కాంక్రీటు గోడకు వేడి ఆపే ఫోమ్ షీట్లు, వాటిమీద గోడంతా ప్లాస్టిక్ పరద, దానిమీద జిప్సం బోర్డు, రంగు. జూన్ నెల. ఇంజినీరు శనివారం నుంచి ఫోమ్ మొదలుపెట్టమన్నాడు. మేస్త్రి చేతి వెనక భాగంతో నాలుగు గోడలూ చూసి, పచ్చి ఉంది, పది రోజులు కావాలన్నాడు. ఇంజినీరు విసుక్కుంటూ ఒప్పుకున్నాడు.

మేస్త్రి తలుపులూ పైకిటికీలూ అన్నీ తెరిపించాడు. మూడు పెద్ద ఫ్యాన్లు నా దగ్గర తీసుకుని, బయటి గాలి లోపలికి కొట్టేలా పెట్టించాడు.

"మా జగిత్యాల దిక్కు ఎండకాలంల గిట్ల గాలి పెడితే గోడ నాలుగు దినాలల్ల ఎండి గణగణమంటది" అన్నాడు.

నేను గోదావరి మనిషిని. గాలిలోనే నీళ్ళుండే రోజులు నాకు తెలుసు. ముసురు పట్టినప్పుడు మా ఇంట్లో ఉప్పు జాడీలో నీరు కారేది. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

పదో రోజు గోడల మీద నీళ్ళు ధారలు కట్టాయి. నేల మీద పాదం పెడితే జారుతోంది. ఇంజినీరు మెట్ల మీదే ఆగిపోయాడు.

"మిస్త్రీ, నీ తారు పూత లీకవుతోంది. నాలుగువైపులా మళ్ళీ తవ్వాలి. అదే నిజమైతే నిన్ను ఊరికి పంపించేస్తాను."

అది ఊరికే అన్న మాట కాదు. అంతకుముందు ఏడాది ఇద్దర్ని అలాగే పంపించాడు. మేస్త్రి కూతురు కరీంనగర్‌లో టీచర్ ట్రైనింగ్‌లో చేరి మూడు నెలలయింది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. రెండేళ్ళ చదువు. ఈయన వెనక్కి వెళ్ళిపోతే ఆ పిల్ల హాస్టల్ నుంచి వచ్చి తల్లి పక్కన బీడీలు చుట్టాలి. ఈ సంగతి రూమ్‌లో అందరికీ తెలుసు. ఆ పిల్ల ఉత్తరాలు ఆయనకు చదివి పెట్టేది నేనే.

ఇంజినీరు వెళ్ళాక మేస్త్రి గోడను రుచి చూశాడు.

"సప్పగున్నది సారూ! భూమి నీళ్లు గాదు. నా పూత నిలవడ్డది!"

నా దగ్గర మూరెడు ప్లాస్టిక్ షీటు, టేపు తీసుకున్నాడు. ధారలున్న చోట గోడను గుడ్డతో తుడిచి, షీటు పరిచి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించాడు. రెండు రోజులు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. భోజనం కూడా దాని ఎదురుగా కూర్చుని తిన్నాడు. గోడలోంచి తడి వస్తుంటే షీటు వెనక బొట్లుంటాయి, అది కుండ తడి. గాలిలోంచి వస్తుంటే షీటు పైన ఉంటాయి, అది సీసా తడి.

మూడో రోజు పొద్దున నన్ను పిలిచాడు. షీటు పైనంతా బొట్లు. తుడిచి, టేపు ఊడదీసి, వెనక్కి తిప్పాడు. పొడిగా ఉంది.

ఆయన సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు.

"సారూ, తలుపులు తెరిపిచ్చింది ఎవలు?"

"మీరేనండీ."

"గా ఫ్యాన్ల గాలి ఏడికెల్లి వస్తున్నది?"

"సముద్రం మీంచి."

"పది దినాలు సముద్రాన్ని లోపటికి పిలిచి గోడకు పూసిన. నా అంత తెలివిగల్లోడు ఉన్నడా సారూ?" అని నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. తర్వాత భయం వేసింది.

"ఇంజినీరుతో ఏదో పైపు లీకయింది, బాగు చేశానని చెప్పెయ్యండి. తలుపులు మూసేస్తే గోడ ఆరిపోతుంది, ఎవరికీ తెలీదు."

"పైపు అని జెప్తే, వచ్చే ఏడు ఇంకో సైట్‌ల ఇంకోడు గిట్లనే తలుపులు తెరుస్తడు సారూ. వానికి ఎవలు జెప్తరు?"

షీటు చేత్తో పట్టుకుని వెళ్ళి, "సాబ్, గల్తీ మేరా" అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. ఇంజినీరు తిట్టడానికి నోరు తెరిచేలోపలే, తన తప్పు ఒప్పుకున్న ఆ నిమిషంలోనే, డ్రాయింగ్‌లో ఉన్న ప్లాస్టిక్ పరద కూడా తప్పని చెప్పాడు. నేను ఆయన చొక్కా లాగాను. ఆగలేదు. ఏసీ పెడితే ఈ గది చల్లటి సీసా అవుతుంది, తడి బయటినుంచి లోపలికి వస్తుంది, ఆ ప్లాస్టిక్ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, ఆరడానికి దారి ఉండదు, బోర్డు వెనక కుళ్ళుతుంది అని తన హిందీలో చెప్పాడు.

"పది రోజులు పాడుచేశావు. ఇప్పుడు డ్రాయింగ్ గీసినవాడికి పాఠం చెప్తావా?" అని ఇంజినీరు అరిచాడు.

ఆ సమయానికి ఉస్తాద్ కాఫీ ఫ్లాస్కుతో మెట్లు దిగుతున్నాడు. రోజూ సాయంత్రం మాకు చిన్న కప్పుల్లో చేదు కాఫీ, ఖర్జూరాలు తెచ్చేవాడు. విషయమంతా విని, ఇంజినీరుకీ మేస్త్రికీ చెరో కప్పు ఇచ్చాడు.

"ముందు సముద్రం వైపు గోడ ఒక్కటే చెయ్యి, మిగతావి ఆగుతాయి. సగం నీ కాగితం చెప్పినట్టు చెయ్యి, సగం మిస్త్రీ చెప్పినట్టు చెయ్యి. వచ్చే వేసవి దాటాక తెరిచి చూద్దాం. నేను పిల్లలకు పరీక్ష పెట్టినవాణ్ణి, ఎవరి పేపరూ దిద్దకుండా మార్కులు వెయ్యను" అన్నాడు.

ఇంజినీరు మేస్త్రి వైపు తిరిగాడు. "వచ్చే ఏడాది అక్టోబరులో నీ వీసా కాగితం నా బల్ల మీదికి వస్తుంది. ఆ రోజే తెరుద్దాం. నీ సగం ఎండి ఉంటే సంతకం. తడిగా ఉంటే టికెట్."

"మంజూర్" అన్నాడు మేస్త్రి. ఆ రాత్రి కూతురికి ఉత్తరం రాయించాడు కానీ, ఈ సంగతి రాయవద్దన్నాడు.

తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, రెండు కిటికీ ఏసీలు తెచ్చి పెట్టించాడు. వాటి నీళ్ళు పట్టిన బకెట్లను ఉస్తాద్ స్వయంగా మోసుకెళ్ళి నిమ్మచెట్టుకు పోసేవాడు. "గాలిని పిండితే ఇన్ని నీళ్ళా!" అని ప్రతి బకెట్‌కీ ఆశ్చర్యపోయేవాడు. మూడు వారాలకు షీటు రెండు వైపులా పొడిగా వచ్చింది. అప్పుడు మేస్త్రి తన సగం గోడకు ఫోమ్ షీట్లు అంటించాడు. గోడకూ ఫోమ్‌కూ మధ్య గాలి దూరే సందు ఉండకూడదని జిగురు గోడ నిండా పూయించి, అతుకులన్నీ టేపుతో మూయించాడు. ప్లాస్టిక్ వెయ్యలేదు. బోర్డును నేలకు వేలెడు ఎత్తులో ఆపాడు. పక్కనే రెండో సగాన్ని డ్రాయింగ్ ప్రకారం చేశాడు. అది కూడా అంతే శ్రద్ధగా చేశాడు. ఒక్క మేకు వంకరపోతే ఊడదీయించి మళ్ళీ కొట్టించాడు. ఓడిపోవాలని మనం కోరుకునే గోడకు ఇంత పని దేనికని అడిగాను.

"గోడ ఏం జేసింది సారూ? అది కూడ మనం కట్టిందే గద."

పుస్తకాలు వచ్చాయి. వేసవి వచ్చింది. వేరే సైట్‌లలో పని చేస్తున్నా, శుక్రవారం కూల్‌డ్రింక్ మానేసి టాక్సీలో అల్ హైల్ వెళ్ళేవాళ్ళం. మేస్త్రి గోడ పొడవునా మోకాళ్ళ మీద నడుస్తూ బోర్డు కింద సందులో వాసన చూసేవాడు. ఉస్తాద్ కుర్చీలో కూర్చుని చదువుకుంటూ, "డాక్టర్ సాబ్, పేషెంట్ ఎలా ఉన్నాడు?" అని అడిగేవాడు. ఆగస్టు చివర ఒక వాసన మొదలైంది. అది ఏ సగం నుంచి వస్తుందో ఆ ముక్కు కూడా చెప్పలేకపోయింది. ఆ తర్వాత నెలంతా మేస్త్రి నా పుస్తకాల గురించి అడగలేదు.

అక్టోబరులో ఇంజినీరు వీసా కాగితం ఫైల్లో పెట్టుకుని వచ్చాడు. మొదట డ్రాయింగ్ సగం కోశారు. జానెడు చదరం బోర్డు ఊడి వచ్చింది. దాని వీపు నల్లగా ఉంది. ప్లాస్టిక్ అవతలివైపు బొట్లు, మేకుల చిల్లుల్లోంచి ఊరి బోర్డును తడిపాయి. గదంతా బూజు కంపు. ఇంజినీరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత మేస్త్రి సగం కోశారు. బోర్డు తీశారు. ఫోమ్ ముక్క తియ్యడానికి కత్తి పెట్టేసరికి మేస్త్రి మెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

"సారూ, నువ్వు సూడు. నాతోని గాదు."

ఫోమ్ ఊడింది. నేను చెయ్యి తిరగేసి కాంక్రీటుకు ఆనించాను. ఒక చోట కాదు, నాలుగు మూలలా ఆనించాను. నమ్మకం కుదరక మళ్ళీ మొదటి మూల నుంచి మొదలుపెట్టాను.

"బిడ్డను ఇంటికి రమ్మని రాయాల్నా సారూ?" అన్నాడు అటు తిరిగే.

"అక్కర్లేదండీ. ఎండి ఉంది."

ఆయన ఒక్క అంగలో వచ్చి చెయ్యి పెట్టాడు, తర్వాత చెంప పెట్టాడు, తర్వాత ముక్కు పెట్టాడు. నాలుక బయటికి తీసేసరికి ఇంజినీరు, "బస్, బస్ మిస్త్రీ!" అని కేక పెట్టాడు. ఉస్తాద్ కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు. ఇంజినీరు కాగితం తీసి, బల్ల కోసం చూడకుండా, ఆ గోడకే ఆనించి సంతకం పెట్టాడు.

మేస్త్రి కాగితం రెండు చేతులతో అందుకున్నాడు. గెలిచి కూడా డ్రాయింగ్ గీసినవాడి పక్షాన మాట్లాడాడు. "వాడు సలి దేశపోడు సాబ్. ఆడ లోపల వెచ్చగుంటది, బయట సల్లగుంటది. ఆడ ఆ ప్లాస్టిక్ సక్కగనే పనిజేస్తది. వాడు ఈడికి రాలే, గంతే. నేను మాత్రం జగిత్యాల గాలిని ఈడికి తేలేదా?"

నల్లబడిన సగాన్ని ఊడదీసి, మిగతా మూడు గోడలతో పాటు మేస్త్రి పద్ధతిలోనే చేశారు. ఎండిన సగంలో కోసిన చదరాన్ని మాత్రం మూయవద్దన్నాడు ఉస్తాద్. ఫోమ్ ముక్కను మళ్ళీ బిగుతుగా అమర్చి, బోర్డు ఉండాల్సిన చోట ఇత్తడి గొళ్ళెంతో ఒక చిన్న చెక్క తలుపు పెట్టించాడు. ప్రతి అక్టోబరులో మమ్మల్ని పిలిచేవాడు. కాఫీ, ఖర్జూరాలు అయ్యాక మేస్త్రి ఆ తలుపు తెరిచి, ముక్క తీసి, చెయ్యి పెట్టి, "పాస్" అనేవాడు. ఉస్తాద్ ఒక నోటుబుక్కులో అరబ్బీలో ఒక వాక్యం రాసుకునేవాడు. మేస్త్రి కూతురికి ఉద్యోగం వచ్చిన ఏడాది మాత్రం ఆయన చెయ్యి పెట్టకముందే "పాస్" అని ఉస్తాదే అనేసి, ఆమె పేరు అడిగి అదే పేజీలో రాసుకున్నాడు.

తొంభైల చివర మేస్త్రి ఊరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండు అక్టోబర్లు నేనే వెళ్ళి, చూసి, ఎండి ఉందని ఆయనకు ఉత్తరం రాశాను. రెండింటికీ జవాబు వచ్చింది, కూతురి చేతిరాతలో. మూడో ఏడు ఉస్తాద్ పోయాడు. కొడుకులు ఇల్లు ఎవరికో అద్దెకిచ్చారు. నేను వచ్చేసే ముందు ఒకసారి వెళితే, పుస్తకాల గది సామాను గది అయింది. సముద్రం వైపు గోడకు ఆనించి ఇనుప బీరువాలు పెట్టారు. ఆ చిన్న తలుపు వాటి వెనక ఉండిపోయింది, తెరిచేవాళ్ళు లేరు.